స్టాక్‌ఫిష్‌కి ఎంత కంప్యూటర్ కావాలి?

చదరంగం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో కంప్యూటర్ కొనే రోజు దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది. షాపుకెళ్లి "బాబు చెస్ ఆడతాడు, గేములు అనలైజ్ చేసుకోవాలి" అనగానే కౌంటర్ దగ్గరున్న కుర్రాడు గేమింగ్ లాప్‌టాప్ తీసి ముందు పెడతాడు. కీబోర్డు కింద రంగు లైట్లు, మూలన పెద్ద గ్రాఫిక్స్ కార్డు స్టిక్కరు. ధరలో పెద్ద వాటా ఆ కార్డుదే. దాన్ని ఇంటికి తెచ్చి, అన్ని కోర్లూ వాడేలా స్టాక్‌ఫిష్ నడుపుతూ విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ గీత నూరు శాతానికి ఎగబాకి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు గీత నేలను వదలదు. ప్రపంచంలో అతి బలమైన చదరంగ ఇంజిన్లలో ఒకటైన స్టాక్‌ఫిష్ ఆ కార్డును అసలు ముట్టుకోదు.

గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక, కృష్ణా జిల్లా నుంచి హంపి, వరంగల్ నుంచి అర్జున్ ఇరిగేశి అంతర్జాతీయ స్థాయికి ఎదగడం చూశాక మన ఊళ్లలో పిల్లల్ని చెస్ కోచింగ్‌లో చేర్చే తల్లిదండ్రులు పెరిగారు. కోచింగ్ ఫీజు, టోర్నమెంట్ల ప్రయాణాలు, హోటల్ గదులు కలిస్తే ఇది ఖరీదైన ఆటే. అందులో కంప్యూటర్ మీద అక్కర్లేని చోట పోసే ప్రతి వెయ్యి రూపాయలూ ఇంకో టోర్నమెంట్ ఎంట్రీ ఫీజుకు పనికొచ్చేవి. కాబట్టి ఈ సంగతి కాస్త లోతుగానే తెలుసుకోవాలి. ఇంజిన్ ఎలా ఆలోచిస్తుందో అర్థమైతే ఏది కొనాలో, ఏది వదిలేయాలో షాపువాడిని అడగనక్కర్లేదు.

చదరంగంలో సగటున ఒక్కో పొజిషన్‌లో 35 దాకా ఎత్తులు సాధ్యం. నేను ఒక ఎత్తు, ఎదుటివాడు ఒక ఎత్తు వేస్తే 1,225 దారులు. ఇద్దరం చెరో రెండు వేస్తే 15 లక్షలు. చెరో మూడు వేసేసరికి దాదాపు 184 కోట్లు. ప్రతి దారినీ చూసుకుంటూ పోతే ఎంత పెద్ద యంత్రమైనా నాలుగైదు ఎత్తుల తర్వాత చతికిలబడాల్సిందే. ఇంజిన్లను బతికించింది ఆల్ఫా-బీటా అనే కత్తిరింపు పద్ధతి. నా మంత్రితో ఒక బంటును కొడదామని చూస్తున్నాను అనుకోండి. అంతకంటే మంచి ఎత్తు ఒకటి నా చేతిలో అప్పటికే ఉంది. మంత్రి కొట్టాక ఎదుటివాడి 35 జవాబుల్లో మొదటిది పరిశీలించగానే నా మంత్రి ఊరికే పోతోందని తేలింది. ఇక మిగతా 34 జవాబులు చూడటం దండగ. ఆ ఎత్తు పనికిరాదని తెలియడానికి ఒక్క జవాబు చాలు. మంచి ఎత్తులను ముందే పట్టుకునే అదృష్టం ప్రతిచోటా ఉంటే, 184 కోట్ల దారుల పని 86 వేల లోపు పొజిషన్లతో తెమిలిపోతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్తలు కనూత్, మూర్ 1975లో ఈ లెక్కను గణితంగా విడమరిచి చూపారు.

నేటి స్టాక్‌ఫిష్ దీని మీద ఇంకా ఎన్నో కత్తిరింపులు చేస్తుంది. ఆశలేని ఎత్తులను తక్కువ లోతుకే చూసి పక్కన పెడుతుంది. చివరికి ఒక అర ఎత్తు లోతు, అంటే ఒక పక్షం వేసే ఒక ఎత్తు, అదనంగా చూడటానికి పట్టే శ్రమ సగటున రెట్టింపు కంటే తక్కువే అవుతోంది. దీన్ని తిప్పి చదవండి. రెట్టింపు వేగం ఉన్న కంప్యూటర్ కొంటే మీకు దక్కేది ఒకటి, మహా అయితే రెండు అర ఎత్తుల లోతు. ఒక మాదిరి లాప్‌టాప్ మీద స్టాక్‌ఫిష్ ఒక నిమిషంలో 25 నుంచి 30 దాకా లోతు చూపిస్తుంది. 28 దగ్గర చెప్పిన తీర్పు 29 దగ్గర తారుమారు కావడం అరుదు.

కొనేవాళ్లు మనసులో ఉంచుకోవాల్సిన అసలు విషయం ఇక్కడుంది. కంప్యూటర్ మీద ఎక్కువ డబ్బు పెడితే మనకు దొరికేది కొత్త జ్ఞానం కాదు, కాస్త ముందుగా దొరికే అదే జవాబు. నాలుగు రెట్లు వేగమైన మెషీన్ పదిహేను సెకన్లలో చెప్పేదాన్ని పాత మెషీన్ నిమిషానికి చెబుతుంది. ఆదివారం టోర్నమెంట్‌లో ఆడిన గేముల్లో నిజంగా తడబడిన పొజిషన్లు ఎన్నుంటాయి? గేముకు మూడు, నాలుగు. ఒక్కోదానికి రెండేసి నిమిషాలు ఇంజిన్‌ను ఆలోచించనిచ్చినా, పిల్లవాడు ఆ లోపు తానేం అనుకున్నాడో నోటుబుక్కులో రాసుకోవడానికే ఆ సమయం సరిపోదు.

వేగానికీ బలానికీ ఉన్న సంబంధం ఎంత బలహీనమో చరిత్రే చెబుతుంది. 1997 మేలో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను 3.5-2.5తో ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూలో చదరంగం కోసమే తయారుచేసిన చిప్‌లు 480 ఉండేవి. సెకనుకు 20 కోట్ల పొజిషన్లు చూసేది. 2009లో బ్యూనస్ ఐరిస్‌లో జరిగిన మెర్కోసుర్ కప్‌లో పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ప్రోగ్రాం హెచ్‌టీసీ చేతిఫోను మీద నడుస్తూ పది గేముల్లో తొమ్మిది గెలిచి, ఒకటి డ్రా చేసింది. అది చూసింది సెకనుకు 20 వేల లోపు పొజిషన్లు, అంటే డీప్ బ్లూ చూసినదాంట్లో పదివేలో వంతు. అయినా గ్రాండ్‌మాస్టర్ స్థాయిని దాటి ఆడింది. తేడా తెచ్చింది చిప్ కాదు, ఏ ఎత్తును చూడాలో ఏది మానాలో నేర్చిన ప్రోగ్రాం. ఈనాటి మామూలు ఫోనులో స్టాక్‌ఫిష్ నడిస్తే మాగ్నస్ కార్ల్‌సన్ కూడా దాని ముందు నిలవలేడు. మనిషి చేరుకున్న అత్యున్నత రేటింగ్ అతడిదే, 2014లో 2882. ఇంజిన్ల మధ్య పోటీలతో కట్టే జాబితాల్లో స్టాక్‌ఫిష్ 3600 దరిదాపుల్లో ఉంది. ఆ రెండు కొలబద్దలు ఒకటి కావు, నిజమే. కానీ అంతరం ఏపాటిదో ఊహించుకోవడానికి సరిపోతుంది.

ఇక గ్రాఫిక్స్ కార్డు సంగతి. స్టాక్‌ఫిష్‌లోనూ న్యూరల్ నెట్‌వర్క్ ఉంది కదా, మరి కార్డు ఎందుకు అక్కర్లేదు అని చదువుకున్న పిల్లలే అడుగుతారు. మంచి ప్రశ్న. 2018లో జపాన్‌కు చెందిన యూ నాసు, ఆ దేశపు చదరంగమైన షోగీ కోసం ఎన్ఎన్‌యూఈ అనే ఒక కొత్త తరహా నెట్‌వర్క్ కనిపెట్టాడు. అది 2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12తో చదరంగంలోకి వచ్చింది. దాని కిటుకు చాలా అందమైనది. నెట్‌వర్క్ మొదటి పొర చాలా పెద్దది. ఏ గడిలో ఏ పావు ఉంది, రాజు ఎక్కడున్నాడు అన్నవన్నీ అందులోకి వెళ్తాయి. కానీ ఒక ఎత్తు వేస్తే మారేది ఒకటి రెండు గడులే. కాబట్టి మొత్తం పొరను మళ్లీ లెక్కగట్టనక్కర్లేదు. గుర్రం వదిలిన గడి తాలూకు అంకెలు తీసేసి, అది దూకిన గడి తాలూకు అంకెలు కలిపితే చాలు. మిగతా పొరలు చిన్నవి, అవీ చిన్న పూర్ణాంకాలతోనే నడుస్తాయి. మొత్తం మీద ఒక మంచి ప్రాసెసర్ కోర్ సుమారు ఒక మైక్రోసెకనులో ఒక పొజిషన్ ముగిస్తుంది.

అదే పొజిషన్‌ను గ్రాఫిక్స్ కార్డుకు పంపి జవాబు రప్పించుకోవాలంటే రానూపోనూ ప్రయాణానికే అంతకు ఎన్నో రెట్లు సమయం పడుతుంది. పైగా ఆల్ఫా-బీటాలో ఈ పొజిషన్ విలువ తెలిస్తేగాని తర్వాత చూడాల్సింది ఏదో తెలియదు. ప్రతి అడుగూ ముందు అడుగు మీద ఆధారపడుతుంది. గ్రాఫిక్స్ కార్డు వందల పొజిషన్లను ఒక కట్టగా ఇస్తేనే తన బలం చూపిస్తుంది. అలా కట్టలు కట్టి పంపే ఇంజిన్ లీలా చెస్ జీరో. గూగుల్ డీప్‌మైండ్ 2017 డిసెంబరులో ప్రకటించిన ఆల్ఫాజీరో బాటలో, 2018లో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు మొదలుపెట్టినది. దాని నెట్‌వర్క్ చాలా పెద్దది. అది తక్కువ పొజిషన్లు చూస్తుంది, ఒక్కోదాన్నీ లోతుగా తూస్తుంది. లీలా నడపాలనుకుంటే మాత్రం ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ వంటి కార్డు కావాలి. ప్రాసెసర్ మీద కూడా నడుస్తుంది గాని బాగా నీరసంగా నడుస్తుంది. లీలా అభిప్రాయం స్టాక్‌ఫిష్‌కి భిన్నంగా ఉండే పొజిషన్లు ఓపెనింగుల్లో తగులుతాయి, వాటితో పని పడేది పెద్ద ఆటగాళ్లకు. 2000 రేటింగ్‌కు లోపున్నవారికి ఆ తేడా ఆటలో కనిపించదని నా గట్టి నమ్మకం.

కాబట్టి డబ్బు ప్రాసెసర్ మీద పెట్టాలి. అయితే కోర్లు ఎన్ని? ఇక్కడో మెలిక ఉంది. వరినాట్లకు పదిమంది కూలీలు దిగితే మడిని పది వరసలుగా పంచుకుని పదో వంతు సమయంలో ముగిస్తారు. ఆల్ఫా-బీటా అలాంటి మడి కాదు. పక్క వరసలో ఏం తేలిందో తెలిసేదాకా ఈ వరస నాటాలో వద్దో కూడా తెలియదు. అందుకే స్టాక్‌ఫిష్ 2016లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి ఒక తేలిక దారి పట్టింది. కోర్లన్నీ ఒకే పొజిషన్‌ను, కాస్త అటూ ఇటూ లోతు తేడాలతో, ఎవరికి వారు వెతుకుతాయి. కనుక్కున్నది ఉమ్మడి జ్ఞాపకంలో రాసిపెడతాయి. ఒకటి రాసింది మరొకటి చదువుకుని ముందుకు దూకుతుంది. పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ ఎనిమిది కోర్లు సెకనుకు ఎనిమిది రెట్లు పొజిషన్లు చూపించినా, అనుకున్న లోతుకు ఎనిమిది రెట్లు త్వరగా చేరవు. అందులో కొంత ఒకదాని పని మరొకటి మళ్లీ చేయడమే. కోర్లు పెరిగేకొద్దీ ఒక్కో కొత్త కోర్ తెచ్చే లాభం తగ్గుతూ పోతుంది. ఇంటి వాడకానికి ఆరు కోర్లు సుఖం, ఎనిమిది ధారాళం. ఆపైన పెట్టేది ప్రత్యేక అవసరం ఉన్నవాళ్లే.

కోర్ల సంఖ్య చూసి మోసపోయే చోట్లు చాలా ఉన్నాయి. ఇంటెల్ 2021లో వచ్చిన పన్నెండో తరం నుంచి ఒకే చిప్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి పెడుతోంది. ఐ5-1235యూ డబ్బా మీద పది కోర్లని రాసి ఉంటుంది. అందులో పెద్దవి రెండే. ఏఎండీ పేర్లూ తికమకవే. రైజెన్ 5 7520యూ అన్న పేరు చూసి ఏడో తరం అనుకుంటాం. లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగే కోర్లు. అంకెలో ఒక్క తేడాతో ఉన్న 7530యూలో మాత్రం జెన్ 3 కోర్లు ఆరు ఉంటాయి. రెండూ ఒకే షెల్ఫులో పక్కపక్కన, కొద్దిపాటి ధర తేడాతో కనిపిస్తాయి. ఆ సిరీస్‌లో మూడో అంకె అసలు తరాన్ని చెబుతుంది. మొదటి అంకె చూసి కొనకండి.

అన్నిటికంటే ముందు, కొత్తది కొనకుండానే ఉన్నదాంట్లోంచి వేగం పిండుకోవచ్చు. చాలామంది ఇళ్లలో ఇది జరగదు. అందుకే నాకు బాధ. స్టాక్‌ఫిష్‌ను దాని వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దింపుకునేటప్పుడు ప్రాసెసర్‌ను బట్టి చాలా రకాలు కనిపిస్తాయి. ఎన్ఎన్‌యూఈ లెక్కలన్నీ ఒకే ఆజ్ఞతో ఎన్నో అంకెలను కలిపే ప్రాసెసర్ సదుపాయం మీద నడుస్తాయి. ఆ సదుపాయాల్లో ఒకటైన ఏవీఎక్స్2 ఉన్న చిప్ ఒక్క దెబ్బకు 32 చిన్న అంకెలను కలుపుతుంది. ఇంటెల్‌లో ఇది 2013లో వచ్చిన నాలుగో తరం ఐ3, ఐ5, ఐ7 నుంచి ఉంది. పాత పెంటియం, సెలెరాన్ చిప్‌లలో ఉండదు. సెకండ్‌హ్యాండ్‌లో అవి ఎంత చవకగా వచ్చినా వద్దు. ఏ మెషీన్‌లోనైనా నడవాలని కట్టిన పాతరకం స్టాక్‌ఫిష్ వేసుకుంటే మంచి ప్రాసెసర్ కూడా కుంటుతుంది. బీఎంఐ2 అని మరో రకం ఉంది. ఇంటెల్ చిప్‌ల మీద అది ఇంకాస్త వేగం. కానీ జెన్ 1, జెన్ 2 రైజెన్‌లలో ఆ రకం వాడుకునే ఒక ఆజ్ఞ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి వాటికి ఏవీఎక్స్2 రకమే మేలు. 2020లో వచ్చిన జెన్ 3 నుంచి ఆ లోపం పోయింది.

తర్వాత సెట్టింగులు. స్టాక్‌ఫిష్‌ను నేరుగా నడిపితే అది తనంతట తాను వాడుకునేది ఒక్క థ్రెడ్ (ఒక కోర్ మీద నడిచే ఒక పని), 16 ఎంబీ హ్యాష్ మాత్రమే. ఎనిమిది కోర్ల మెషీన్ కొని ఏడు కోర్లను ఖాళీగా కూర్చోబెట్టిన ఇళ్లు ఎన్నో. మీరు వాడే ప్రోగ్రాంలో థ్రెడ్ల సంఖ్య ఎంతుందో ఒక్కసారి తెరిచి చూడండి. మొత్తం థ్రెడ్లలో ఒకటి కంప్యూటర్ మిగతా పనులకు వదిలి తక్కినవి ఇంజిన్‌కు ఇస్తే మౌస్ కూడా నత్తనడక నడవదు. ఉచిత చెస్ వెబ్‌సైట్ లీచెస్‌లో బ్రౌజర్ లోపల నడిచే స్టాక్‌ఫిష్‌కు కూడా ఈ థ్రెడ్లు, మెమరీ మార్చే సదుపాయం ఉంది.

ఒకేసారి ఎన్ని లైన్లు చూపించాలన్నది మూడో సెట్టింగు. కోచ్‌లు అయిదు లైన్లు పెట్టి నేర్పడం చూస్తుంటాం. పాఠానికి అది బాగుంటుంది. కానీ మొదటి లైన్ ఒక్కటే అడిగితే ఇంజిన్ మిగతావాటిని "ఇది మొదటిదానికంటే తక్కువ" అని తేలగానే కత్తిరించేస్తుంది. అయిదు అడిగితే అయిదింటినీ చివరిదాకా తూచి ఖచ్చితమైన విలువ చెప్పాలి. కత్తిరింపు వల్ల మిగిలిన శ్రమంతా మళ్లీ మీద పడుతుంది. నిజం తెలుసుకోవాలంటే ఒక లైన్, పోల్చి చూడాలంటే రెండు మూడు.

హ్యాష్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ర్యామ్ ఎంత కొనాలో అదే తేలుస్తుంది. ఒకే పొజిషన్‌కు వేర్వేరు ఎత్తుల వరసలతో చేరుకోవచ్చు. గుర్రం ముందు, శకటం తర్వాత కదిపినా, శకటం ముందు, గుర్రం తర్వాత కదిపినా బోర్డు మీద కనిపించేది ఒకటే. ఒకసారి లెక్కగట్టినదాన్ని మళ్లీ లెక్కగట్టకుండా పొజిషన్ గుర్తునూ, తీర్పునూ ర్యామ్‌లో రాసుకునే పట్టికే హ్యాష్. ఇందాక చెప్పిన కోర్ల ఉమ్మడి జ్ఞాపకమూ ఇదే. స్టాక్‌ఫిష్‌లో ఒక్కో నమోదు 10 బైట్లు. మూడింటిని కలిపి 32 బైట్ల గుత్తిగా సర్దుతుంది. ఆ లెక్కన ఒక జీబీలో పది కోట్ల నమోదులు పడతాయి. కొద్ది నిమిషాల అనలిసిస్‌కు ఒకటి రెండు జీబీలు నిండుగా చాలు. రాత్రంతా ఒకే పొజిషన్ మీద వదిలేసేవారికే అంతకంటే ఎక్కువ అక్కర. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 2 జీబీ హ్యాష్, 16 జీబీ ఉంటే 4 నుంచి 8 జీబీ హ్యాష్. ర్యామ్ మొత్తం హ్యాష్‌కు రాసిచ్చేస్తే విండోస్‌కు చోటు లేక డిస్కు మీదికి ఎక్కించడం, దింపడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇంజిన్ పాకుతుంది. 32, 64 జీబీల ర్యామ్ చెస్ కోసమని కొనకండి.

డిస్కు విషయం త్వరగా తేలిపోతుంది. ఎస్‌ఎస్‌డీ కావాలి, చిన్నదైనా చాలు. పెద్దది కావాలన్న మాట ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌ల వల్ల వస్తుంది. రొనాల్డ్ డి మాన్ 2013లో తయారుచేసిన సిజిజీ టేబుల్‌బేస్‌లలో, రాజులతో కలిపి అయిదు పావుల వరకున్న ప్రతి పొజిషన్‌కూ తిరుగులేని ఫలితం ఉంటుంది. అవన్నీ కలిపి ఒక జీబీ లోపే. ఆరు పావులకు వచ్చేసరికి దాదాపు 150 జీబీ, ఏడు పావులకు 17 టెరాబైట్ల పైమాటే. అయిదు పావులవి వేసుకోండి. ఏడు పావులవాటిని లీచెస్ తన సర్వర్లలో ఉంచి అందరికీ ఉచితంగా చూపిస్తోంది. నెట్ ఉంటే చాలు, ఏనుగు-బంటు ఎండ్‌గేమ్‌లో ఎక్కడ గెలుపు జారిపోయిందో అక్కడే తెలుస్తుంది.

లాప్‌టాపా, డెస్క్‌టాపా? బస్సుల్లో, రైళ్లలో టోర్నమెంట్లకు తిరిగే పిల్లలకు లాప్‌టాప్ తప్పదు. ఇంట్లో ఉండేదైతే డెస్క్‌టాప్ ఎన్నుకోండి, అదే డబ్బుకు రెట్టింపు పని చేస్తుంది. కారణం వేడి. సినిమా చూసినా, ఉత్తరం టైపు చేసినా ప్రాసెసర్ అప్పుడప్పుడు ఉలిక్కిపడి లేచి మళ్లీ పడుకుంటుంది. చదరంగ ఇంజిన్ మాత్రం అన్ని కోర్లనూ నిమిషాల తరబడి ఊపిరి సలపనివ్వదు. పల్చటి లాప్‌టాప్ మొదటి అర నిమిషం మంచి వేగం చూపించి, లోపల వేడి 95, 100 డిగ్రీలకు చేరేసరికి తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బయటి గాలే 45 డిగ్రీలకు చేరితే దాన్ని చల్లబరచడానికి ఫ్యాన్ దగ్గర ఏముంది? డెస్క్‌టాప్‌లో అయితే వంద రూపాయల పని, ఏడాదికోసారి మూత తీసి దుమ్ము దులపడంతో వేగం నిలుస్తుంది. లాప్‌టాప్‌ను మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఇంజిన్ నడపకండి. బల్ల మీద వెనకభాగం కాస్త ఎత్తి పెట్టండి.

కరెంటు లెక్క కూడా వేసుకోవాలి. నిండు పనిలో 150 వాట్లు తాగే డెస్క్‌టాప్‌ను రాత్రింబవళ్లు నడిపితే రోజుకు 3.6 యూనిట్లు, నెలకు 108 యూనిట్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ కరెంటు చార్జీ స్లాబుల్లో నడుస్తుంది గనక, ఆ వందా కలిసి ఇంటి బిల్లు మొత్తాన్ని పై స్లాబులోకి నెట్టగలదు. అదే 40 వాట్ల లాప్‌టాప్ మీద రోజుకు మూడు గంటలు పనిచేస్తే నెలకు నాలుగు యూనిట్లు కూడా కావు. రాత్రంతా ఇంజిన్ వదిలేసి పొద్దున లేచి తీర్పు చూసుకునే అలవాటు కొందరికి ఉంది. ఒక లోతైన ఓపెనింగ్ పొజిషన్‌కు అది పనికొస్తుంది. ఓడిపోయిన క్లబ్ గేముకు ఆ రాత్రి కరెంటు వృథా.

మరి ఏది కొనాలి? తక్కువ డబ్బుకు ఎక్కువ చదరంగం కావాలంటే నా ఓటు వాడేసిన ఆఫీసు డెస్క్‌టాప్‌కే. కంపెనీలు కొన్నేళ్లకోసారి డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటివి మార్చేస్తుంటాయి. అవి శుభ్రమై, పరీక్షలు జరిగి మళ్లీ అమ్మకానికి వస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల తిరిగినవారికి ఇవి కొత్త కాదు. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 చూడండి. అంతకుముందు తరాల డెస్క్‌టాప్ ఐ5లలో కోర్లు నాలుగే, ఎనిమిదో తరంతో ఆరయ్యాయి. పైగా విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునేది ఆ తరం నుంచే. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతకంటే పాతది దొరికితే లినక్స్ వేసుకోండి. స్టాక్‌ఫిష్, దానితోపాటు వాడే సిడ్ వంటి ఉచిత డేటాబేస్ ప్రోగ్రాంలు లినక్స్ మీద చక్కగా నడుస్తాయి. 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇక దానికి ఏమీ జోడించనక్కర్లేదు. కొత్త గేమింగ్ లాప్‌టాప్ ధరలో ఇది చిన్న భాగం.

కొత్తదే కావాలంటే ఆరు లేదా ఎనిమిది కోర్ల రైజెన్ డెస్క్‌టాప్ కట్టించుకోవచ్చు. రైజెన్ 5 5600, రైజెన్ 7 5700ఎక్స్ రెండూ 65 వాట్ల చిప్‌లే, చదరంగానికి చక్కగా సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: ఈ రెండింటిలో సొంత గ్రాఫిక్స్ లేదు, తెర మీద బొమ్మ రావడానికైనా వేరే కార్డు పెట్టాల్సి వస్తుంది. పేరు చివర జీ అక్షరమున్న 5600జీ, 5700జీలలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఆ కార్డు ఖర్చు తప్పుతుంది. ఇంట్లో ఇప్పటికే ఆపిల్ ఎం1 లేదా ఆపై చిప్ ఉన్న మాక్‌బుక్ ఉంటే దాన్నే వాడండి. తక్కువ వేడితో మంచి వేగమిస్తుంది.

కొనేముందు షాపులోనే కొలుచుకోవచ్చు. స్టాక్‌ఫిష్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. దాన్ని తెరిచి నల్లతెర మీద "స్పీడ్‌టెస్ట్" అన్న ఆజ్ఞను ఇంగ్లిష్‌లో కొడితే, 17.1 నుంచి ఉన్న వెర్షన్లు అన్ని థ్రెడ్లనూ వాడి రెండు మూడు నిమిషాలు శ్రమించి సెకనుకు ఎన్ని పొజిషన్లో చెబుతాయి. అంతసేపు నడవడమే అందులో గొప్ప. లాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గడం కూడా ఆ అంకెలోకి వచ్చేస్తుంది. రెండు మెషీన్ల అంకెలు రాసుకుని, ఒక్కోదాని ధరతో భాగించి చూస్తే రూపాయికి ఎంత వేగమో కళ్ల ముందుంటుంది. ఒక్కటే షరతు, రెండింటి మీదా ఒకే వెర్షన్ నడపాలి. వేర్వేరు ఇంజిన్ల అంకెలు పోల్చకూడదు. లీలా సెకనుకు వేలల్లో చూపించినా అది స్టాక్‌ఫిష్ లక్షల కంటే తక్కువ బలమని కాదు.

అసలేమీ కొనలేని ఇంట్లో పిల్లల సంగతి? ఆండ్రాయిడ్ ఫోనులో డ్రాయిడ్‌ఫిష్ ఉచితం. లీచెస్‌లో ఆడిన గేమును సర్వర్ అనలిసిస్‌కు ఇస్తే ప్రపంచం నలుమూలల ఉన్న స్వచ్ఛంద సేవకులు తమ కంప్యూటర్లలో నడిపే ఫిష్‌నెట్ దాన్ని పరిశీలించి, తప్పులు గుర్తుపెట్టి పంపుతుంది. పైసా అడగరు. పాత ఫోనుతో చదరంగం నేర్చుకునే పిల్లకూ, మంచి డెస్క్‌టాప్ ముందు కూర్చున్న పిల్లవాడికీ ఇంజిన్ చెప్పే తప్పుల జాబితా దాదాపు ఒకటే. ఈ ఆటలో ఇంతటి సమానత్వం మరెక్కడా లేదు.

పెద్ద యంత్రాలు నిజంగా అవసరమైనవారు లేకపోలేదు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు, అతని వెనక పనిచేసిన బృందంలో మన హరికృష్ణ ఉన్నాడు. అలాంటి బృందం చూసేది ఒక గేమును కాదు. ఒక ఓపెనింగ్‌లోని వేల కొమ్మలను, ఒక్కోదాన్నీ ఎదుటి బృందం ఇంజిన్ చూసే లోతుకు మించి చూడాలి. పొజిషన్ల సంఖ్య వేలల్లోకి వెళ్లినప్పుడు పదిహేను సెకన్లకూ నిమిషానికీ తేడా రోజులవుతుంది. ఇంజిన్ల సాయాన్ని నిబంధనలే అనుమతించే అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ ఆటగాళ్లదీ ఇదే అవసరం. అయితే అక్కడ పైస్థాయి గేముల్లో అత్యధికం ఇప్పుడు డ్రాగానే ముగుస్తున్నాయి. ఇద్దరి దగ్గరా దాదాపు లోపంలేని ఇంజినే ఉంటే హార్డ్‌వేర్ తేడాతో గెలవడం ఎంత కష్టమో అది చూపిస్తోంది.

ఎదుగుతున్న ఆటగాడికి ఏడాదిలో ఒకటి రెండు సార్లు, నేషనల్స్ ముందో నార్మ్ టోర్నమెంట్ ముందో, అలాంటి బలం కావలసి రావచ్చు. దానికోసం ఖరీదైన మెషీన్ కొనే బదులు క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవడం తెలివైన పని. అమెజాన్, గూగుల్ వంటి సంస్థలు పదుల కోర్ల సర్వర్లను వాడిన సమయానికే లెక్కగట్టి ఇస్తాయి. ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటామన్న షరతుతో ఇచ్చే స్పాట్ సర్వర్లు ఇంకా చవక. చదరంగానికి ఆ షరతు ఇబ్బంది కాదు, అప్పటిదాకా వచ్చిన లైన్లను మీ కంప్యూటర్‌లో సేవ్ చేసుకుంటూ ఉంటే మధ్యలో ఆగినా అవి పోవు. విశ్లేషించాల్సిన పొజిషన్లన్నీ ముందుగా ఒక ఫైల్‌లో సిద్ధం చేసుకుని, అప్పుడే సర్వర్ తెరవండి. పని అయిపోగానే కిటికీ మూసేయడంతో సరిపెట్టకండి. అకౌంటులోకి వెళ్లి సర్వర్‌ను పూర్తిగా తొలగించండి. ఇంజిన్ ఆగినా సర్వర్ నడుస్తున్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది.